ప్రామాణిక శిశువు

నగరంలోని మూడేళ్లలోపు పసివారిలో ముగ్గురికి ఇద్దరు ఈ సంవత్సరం వెనుకబడ్డారని శిశు ప్రగతి నిర్ధారణ కేంద్రం సంతోషపూర్వకంగా ప్రకటించింది. కిందటి ఏడు సగంమందే వెనుకబడ్డారు. ఇంత స్వల్పకాలంలో ఇంతమంది వెనుకబాటును గుర్తించిన సంస్థ మరొకటి లేదని డైరెక్టరుగారు సభాముఖంగా వెల్లడించగా, వెనుకబడిన పసివారి తల్లిదండ్రులే ముందు వరుసల్లో కూర్చుని చప్పట్లు కొట్టారు. ఆ పసివారు ఎవరికంటే వెనుకబడ్డారు, ఎక్కడికి పోతూ వెనుకబడ్డారు అని అడగాలని ఆ సభలో ఎవరికీ తోచలేదు. అన్నిటికీ ప్రశ్నలు వేసే వయసువారు కొందరు ఉన్నారు గాని, వారు అప్పటికే ఒళ్లలో నిద్రపోతున్నారు.

ఆ సభలోనే ఒక నిబంధన కూడా వెలువడింది. ఇకమీదట ఏ బాలబడిలో చేరాలన్నా కేంద్రం వారి యోగ్యతాపత్రం ఉండవలసిందే. అది దక్కనివారికి ఉద్ధరణ తరగతి. ఉద్ధరణ ఉదయం ఎనిమిదింటికి మొదలై సాయంత్రం ఐదింటికి ముగుస్తుంది, ఏడాదిపాటు సాగుతుంది. ఆ ఏడాదీ పసివారు ఇంట్లోని వృద్ధులతో, ముఖ్యంగా నాయనమ్మలతో అమ్మమ్మలతో, వీలైనంత తక్కువ మాట్లాడాలి. వృద్ధుల మాటకు ప్రణాళిక ఉండదనీ, చెప్పిందే చెబుతారనీ, మధ్యలో అకారణంగా పాట ఎత్తుకుంటారనీ నిపుణుల సంఘం ఎంతో శ్రమించి కనుగొన్నది.

ఈ నిబంధనను శ్రద్ధగా రాసుకున్నవారిలో తూనికలు కొలతల శాఖ ఇన్‌స్పెక్టరు ఒకడు. అతడి ఆఫీసు బీరువాలో మఖమలు పరిచిన పెట్టె ఒకటి ఉంది. అందులో ఒక ఇత్తడి కిలో రాయి ఉంది. దానిని వట్టి చేత్తో తాకరు. చేతి చెమట బరువు దానికి చేరుతుందని తొడుగు వేసుకుని పట్టుకుంటారు. బజారులోని రాళ్లన్నీ ఆ రాతికి లోబడి ఉండాలి. ఆ రాయి పై ఆఫీసులోని మరొక రాతికి, అది ఇంకా పై ఆఫీసులోని వేరొక రాతికి లోబడి ఉంటాయి. ఈ ఏర్పాటు మీద ఇన్‌స్పెక్టరుకు భక్తి ఉండేది. ఆ పెట్టె మూత తీసినప్పుడల్లా, గర్భాలయం తలుపు తెరిచినవాడికి కలిగే నిశ్చింత అతడికి కలిగేది. ఉల్లిపాయల బండి ముసలమ్మ దగ్గర పది గ్రాములు తగ్గిన రాయి దొరికితే ఆమె ఎంత బతిమాలినా అతడు వినేవాడు కాడు. "తొంభై తొమ్మిది పాళ్లు సరిగ్గా ఉన్నాయి కదయ్యా" అని ఆమె అంటే, "మిగిలిన ఒక్క పాలు కోసమే గవర్నమెంటు నాకు ఉద్యోగమిచ్చింది" అని రాయిని సంచిలో వేసుకునేవాడు.

అతడికి ఒక్కతే కూతురు, ఇరవైరెండు నెలలది. నిలబడిన చోటనే గిర్రున తిరుగుతుంది గనుక నాయనమ్మ దానికి బొంగరమని పేరు పెట్టింది. మిగిలినవారికి అసలు పేరు మరపున పడింది. బొంగరానికి పదకొండు మాటలు వచ్చు. వాటిలో 'అబూ' అనేది నీళ్లకు, వీధి కుక్కకు, చందమామకు, తండ్రికి కూడా వర్తిస్తుంది. సందర్భాన్ని బట్టి అర్థం గ్రహించుకోవాలి, మహాకావ్యాలలోనూ అంతే. మిగతా సమయమంతా అది వంటింటి కింది అరలోని గిన్నెలన్నీ లాగి, ప్రతి మూతనూ ప్రతి గిన్నెకూ పెట్టి చూసేది. సరిపడని మూతను కోప్పడేది. సరిపడిన మూతను వెంటనే ఊడదీసి మళ్లీ మొదటి గిన్నె దగ్గరికి వెళ్లేది. నాయనమ్మ పక్కనే పీట వేసుకుని, "అది కాదే తల్లీ, దాని మొహం దీనికెట్లా సరిపోతుందీ! ఇంకోటి చూడు" అని గంటలకొద్దీ సంభాషించేది. ఆకారాలు, పరిమాణాలు, ఓర్పు, ఓటమి ఇవన్నీ బిడ్డకు అక్కడే పట్టుబడుతున్నాయని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. కేంద్రానికి తెలుసు గాని, దాన్ని నమోదు చేయడానికి పత్రంలో గడి లేదు.

పరీక్షకు ముందు కేంద్రంలో ఒక పత్రం ఇస్తారు. ఎడమవైపు తల్లిదండ్రుల వాంగ్మూలం: బిడ్డకు వచ్చిన మాటలెన్ని, పేర్చగల దిమ్మెలెన్ని, చేయగల పనులేవి. కుడివైపు పరీక్షకురాలి గడి. ఇన్‌స్పెక్టరు కళ్లద్దాలు సవరించుకుని ఎడమవైపు మొత్తం చదివి, దాని మీద అడ్డంగా ఒక గీత గీసి ఇలా రాశాడు: 'తన సరుకును తానే తూచి ధ్రువీకరించుట నిబంధనలకు విరుద్ధము. పరీక్షకులు స్వయముగా చూచి నమోదు చేయగలరు.' కింద సంతకం, తేదీ, హోదా. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో అంత చక్కటి వాక్యం అతడు రాయలేదు.

పరీక్ష గది నేల మీద నీలం చాప ఉంది. గోడకు ఒక అద్దం ఉంది. పరీక్షకురాలు చాప మీద ఎనిమిది దిమ్మెలు పోసి, ఒకదాని మీద ఒకటి పేర్చమన్నది. బొంగరం దిమ్మెలను కాసేపు చూసింది. ఒకటి తీసుకెళ్లి నాయనమ్మ చేతిలో పెట్టింది. ఒకటి అమ్మకు, ఒకటి నాన్నకు ఇచ్చింది. ఒకటి పరీక్షకురాలి ఒళ్లో పెట్టింది. అద్దంలో మరొక పాప కనిపించగా ఆమెకూ ఒకటి ఇవ్వబోయి, ఆమె కూడా ఒకటి ఇవ్వబోతున్నదని చూసి పకపకా నవ్వింది. పరీక్షకురాలు గడిలో రాసుకున్నది: 'నిర్మాణశక్తి శూన్యం. సంస్థ ఆస్తిని చెల్లాచెదురు చేయు స్వభావం.'

తరువాత ఆవు బొమ్మ చూపించి "ఇదేంటి?" అని అడిగింది. బొంగరం తన చేతిలోని బిస్కెట్టు ఆవు మూతికి ఆనించింది. ఆవు తినలేదు. అట్ట తిప్పి, ఆవు వెనక భాగం ఎక్కడికి పోయిందో చూసింది. వెనక తెల్లగా ఉంది. ఆ సంగతి అందరికీ తెలియజేయడానికి "అబూ" అన్నది. 'ప్రశ్నకు సంబంధం లేని జవాబు' అని గడిలో చేరింది.

ఫలితం అరగంటలో అచ్చయి వచ్చింది. వెనుకబాటు, పదకొండు పాయింటు సున్నా నెలలు.

"ఇరవైరెండు నెలల పిల్ల పదకొండు నెలలు వెనకబడటమేంటమ్మాయ్?" అన్నది నాయనమ్మ. "అంటే మా పిల్ల ఇంకా సగమే పుట్టిందంటావా?"

"అమ్మగారూ, మీరు కంగారు పడకండి. ఇది గ్రాఫ్."

"గ్రాఫో గీఫో నాకు తెలీదు. నువ్వడక్కపోయినా నీకూ దిమ్మె ఇచ్చింది కదా. నువ్వు ఎవరికైనా ఇచ్చావా?"

"అమ్మా, ఊరుకో" అన్నాడు ఇన్‌స్పెక్టరు. అతడికి ఆ కాగితం మీద గౌరవం కలిగింది. కేంద్రం ముద్ర ఉంది, క్రమసంఖ్య ఉంది, దశాంశ బిందువు కూడా ఉంది. దశాంశ బిందువు ఉన్న చోట అబద్ధం ఉండదని అతడి నమ్మకం.

పదిహేను రోజుల్లో పునఃపరీక్ష. అందులోనూ తప్పితే ఉద్ధరణ. ఇన్‌స్పెక్టరు భార్య మందుల దుకాణంలో ఫార్మసిస్టు. సీసా మీద రాసిన మోతాదు తప్పకుండా ఇచ్చే మనిషి గనుక, రోజుకు మూడు పూటలా, ఆహారానికి ముందు, మూడువందల బొమ్మల అట్టలు చూపించడం ప్రారంభించింది. గిన్నెల అరకు తాళం పడింది. ఇక ఎదురింటి ఆడిటరుగారి భార్య ఉత్సాహం నూరిపోయడానికి రోజూ వచ్చేది. ఆమె కొడుకు ఇరవైమూడు నెలలకే యోగ్యతాపత్రం సాధించినవాడు.

"మావాడు నిన్న నాకే సారీ చెప్పాడండీ. 'అమ్మా, నీ టైమంతా నేనే తీసుకుంటున్నాను' అని ఒకటే బాధ."

"ఆ పిల్లాడేనా మొన్న మెట్ల మీద కూచుని బట్టల సబ్బు కొరుక్కుతింటున్నది?" అన్నది నాయనమ్మ.

"అది టేస్ట్ డెవలప్‌మెంటండీ" అన్నది ఆడిటరుగారి భార్య, ఏమాత్రం తడబడకుండా.

బొంగరం ఏ మాట పలికినా చప్పట్లు కొట్టాలని కేంద్రం వారి సూచన. తల్లీతండ్రీ నియమం తప్పకుండా కొట్టారు. పిల్ల దాహమై "అబూ" అంటే ఇద్దరూ చప్పట్లు కొట్టి, "మళ్లీ చెప్పు! 'నీళ్లు' అను! నీ...ళ్లు!" అని ఆనందంతో ఊగిపోయేవారు. నీళ్లు అడిగిన మనిషికి నీళ్లివ్వకుండా చప్పట్లు కొట్టే సమాజంలో భాష వల్ల ప్రయోజనమేమిటో ఎంత ఆలోచించినా బొంగరానికి బోధపడలేదు. అది ఒక్కొక్క మాటే మానుకుంటూ వచ్చింది. పదోనాటికి పదకొండు మాటలు నాలుగైనాయి. గణాలు సరిచేయబోయి పద్యంలోంచి ప్రాణం తీసేసే పండితులవలె తల్లిదండ్రులు మరింత శ్రద్ధ పెంచారు.

పదకొండోనాడు కోడలు వచ్చి తలుపు దగ్గర నిలబడింది. "అత్తయ్యా, తప్పుగా అనుకోకండి. ఈ నాలుగు రోజులూ దానితో కాస్త తక్కువ మాట్లాడండి. వాళ్లు అట్లాగే చెప్పారు."

"ఎంత తక్కువ, అమ్మాయ్?"

కోడలు నేల మీద పడి ఉన్న బొమ్మల అట్టలు ఏరుకుని వెళ్లిపోయింది. నాయనమ్మ ఆ పూట నుంచి నోరు మెదపడం మానేసింది. ఇన్‌స్పెక్టరు ఆఫీసు నుంచి వచ్చేసరికి అతడి తల్లి కుర్చీలో ఊరికే కూర్చుని ఉంది. బొంగరం ఆవిడ ఒడిలోకి ఎక్కి, రెండు వేళ్లతో ఆవిడ పెదవులు విడదీసి, మాటలు లోపల ఎక్కడ ఇరుక్కున్నాయో చూస్తున్నట్టు నోట్లోకి తొంగిచూస్తున్నది. చాలాసేపు చూసింది. ఏమీ కనబడక దిగిపోయి, తాళం పడిన అర ముందు కూర్చున్నది. గిర్రున తిరగలేదు.

ఇన్‌స్పెక్టరు ఆ రోజు టీ తాగలేదు. తూకంలో తేడా వచ్చినప్పుడు సరుకును అనుమానించకముందు రాయిని పరీక్షించాలని తన శాఖ నియమావళిలో మొదటి పేజీలోనే ఉందన్న సంగతి అతడికి పదకొండు రోజులు ఆలస్యంగా గుర్తొచ్చింది. మర్నాడు సెలవు పెట్టి కేంద్రానికి వెళ్లాడు.

"మీ మూల ప్రమాణం ఎక్కడుందో ఒకసారి చూడాలండీ" అన్నాడు డైరెక్టరుతో.

డైరెక్టరు పరమానందభరితుడైనాడు. ఇన్నేళ్లలో ఆ ప్రశ్న అడిగినవారే లేరట. స్వయంగా రికార్డుల గదికి తీసుకెళ్లి, అడుగు అరలోంచి పాత అట్టల పుస్తకం ఒకటి దింపాడు. కేంద్రం పెట్టిన మొదటి సంవత్సరం అయిదుగురు పండితులు నలభైమంది పసివారి ఇళ్లలో, నేల మీద కూర్చుని, ఏడాదిపాటు చూసి రాసిన పుస్తకం అది. 'రెండేళ్లకు ఇంచుమించు యాభై మాటలు. కొందరికి పది, కొందరికి వంద. నడక, మాట, ఆట ఒకదానికొకటి దారి ఇచ్చుకుంటూ వస్తాయి. ఒకటి ఆగినట్టు కనబడితే మరొకటి పెరుగుతూ ఉండవచ్చు. బిడ్డ వింటున్నదా, నవ్వుతున్నదా, వేలుపెట్టి చూపుతున్నదా గమనించండి. ఆ మూడూ ఉంటే కంగారుపడనక్కరలేదు.'

"చూశారా, ఎంత వెనకబడిన ఆలోచనో!" అన్నాడు డైరెక్టరు. "కంగారుపడనక్కరలేదని రాసుకుని కూచుంటే కేంద్రానికి ఎవరొస్తారు సార్? పైగా ఆ పండితులకి మోకాళ్ల నొప్పులు. అందుకని రెండో ఏడు నుంచీ పద్ధతి మార్చాం. తల్లిదండ్రుల వాంగ్మూలాలు తీసుకుని, సగటు కట్టి, ఆ ఏడు సగటుని మర్నాడు కనీసంగా పెడుతున్నాం."

"మర్నాడంటే?"

"మరుసటి ఏడు సార్. ఉత్సాహంలో అన్నాను."

రెండో ఏటి పుస్తకంలో రెండేళ్ల బిడ్డ మాటలు నూట ఇరవై. మూడో ఏట రెండువందల పది. నాలుగో ఏట మూడువందల ఎనభై. ఒక తండ్రి నాలుగువేలని రాశాడు. పద్నాలుగు నెలల బిడ్డ తన తప్పులను తానే ఒప్పుకుంటున్నదని ఒక తల్లి రాసింది. వేళ కాగానే 'నన్ను పడుకోబెట్టండి' అని అభ్యర్థించేవారు ఇరవైఏడుగురు తేలారు. మొహమాటపడి తక్కువ అబద్ధమాడినవారి బిడ్డలే ఈ నగరంలో వెనుకబడిన పసివారని ఇన్‌స్పెక్టరుకు అర్థమైంది.

"పరీక్షకురాలు చూసి రాసే గడి మాటేమిటి?" అని అడిగాడు.

"వాంగ్మూలం ఉంటే ఆ అమ్మాయి దాన్నే కుడివైపు ఎక్కిస్తుంది. పసివాళ్లు కొత్తవాళ్ల ముందు జంకుతారు కదా. నిజం చెప్పాలంటే, మీ అమ్మాయి ఫైలే మాకు ఇబ్బందైంది. ఎవ్వరూ ఇట్లా ఖాళీ వదల్లేదు సార్! పాపం, చూసింది చూసినట్టు రాయాల్సి వచ్చింది. మా పరీక్షకురాలికి అది అలవాటు లేదు."

ఇన్‌స్పెక్టరు ముఖం ఇత్తడి రంగుకు తిరిగింది. "ఏడాదికేడాది బరువు పెరిగే రాయి మా శాఖకు దొరికితే జప్తు చేస్తామండీ. పెట్టినవాణ్ణి కోర్టుకీడుస్తాం."

"మీ రాళ్లకి అమ్మానాన్నలుండరు కదా సార్" అన్నాడు డైరెక్టరు, ఎంతో మృదువుగా. తరువాత కిటికీ దగ్గరికి వెళ్లి, బయట సభ ఉన్నదన్నట్టు గొంతు పెంచాడు. "మాది ప్రగతి కేంద్రం. ప్రమాణమే ప్రగతి చెందకపోతే పసివారు ఎలా చెందుతారు? ఈ ప్రమాణం ఏ పండితుడో నేల మీద కూచుని కనిపెట్టింది కాదు. ప్రజల ఆశల్లోంచి పుట్టింది. మేము ఏ తండ్రినీ అబద్ధమాడమని అడగలేదు. కలం ఇచ్చాం, గడి ఇచ్చాం. అంతే!"

ఇన్‌స్పెక్టరు ఇల్లు చేరేసరికి భార్య అట్టలు సర్దుతున్నది. జరిగిందంతా చెప్పి, పై అధికారులకు ఫిర్యాదు రాస్తానన్నాడు. పునఃపరీక్షలో ఉన్నది ఉన్నట్టు రాస్తానన్నాడు. నాలుగు మాటలు, సున్నా దిమ్మెలు.

"రాయండి" అన్నది భార్య. "అందరూ రాస్తే అది నిజమవుతుంది. మనమొక్కళ్లమే రాస్తే వెనకబాటవుతుందండీ. ఏడాదిపాటు పొద్దున ఎనిమిదింటికి దాన్ని అక్కడ దింపి రావాల్సింది మీరా, నేనా? చెప్పండి."

నాయనమ్మ అప్పటికి మౌనం విడిచింది. "ఒరేయ్, ముందా అరకి తాళం తియ్యరా. తర్వాత ఏడవచ్చు, పోట్లాడుకోవచ్చు."

తాళం తీశారు. బొంగరం ఒక మూత చేతిలోకి తీసుకున్నది గాని, గిన్నెకు పెట్టే ముందు తలెత్తి ముగ్గురి ముఖాలూ చూసింది. ఎవరైనా చప్పట్లు కొడతారేమోనని భయం. ఎవరూ కొట్టకపోయేసరికి పెట్టింది. ఇన్‌స్పెక్టరు ఆ చూపు చూశాడు. అంతటి భయం ఉల్లిపాయల ముసలమ్మ ముఖంలో తప్ప అతడికి మరెక్కడా తారసపడలేదు. ఈ బిడ్డను ఆ నీలం చాపల వాళ్లకు ఏడాదిపాటు అప్పగించకూడదని ఆ క్షణాన నిశ్చయించుకున్నాడు. మంచి నిశ్చయమే. మనుషుల అధోగతులన్నీ మంచి నిశ్చయాలతోనే శ్రీకారం చుట్టుకుంటాయి.

పదిహేనోనాడు పత్రం మళ్లీ ముందుకొచ్చింది. ఈసారి ఎడమవైపు గీత గీయలేదు. కావలసినది మూడువందల ఎనభై. తప్పించుకోవడానికి చాలినంత అబద్ధం వేరు, దర్జాకు కావలసిన అబద్ధం వేరు. మూడువందల ఎనభై అయిదు అని రాశాడు. చూస్తే బొటాబొటీగా కనిపించింది. తూనికల ఇన్‌స్పెక్టరు కూతురుకు అది బాగుండదనిపించింది. కొట్టేసి నాలుగువందల యాభై అన్నాడు. ఎదురింటి ఆడిటరుగారి భార్య తమవాడికి నాలుగువందల తొంభై అని చెప్పుకున్నట్టు గుర్తొచ్చింది. అయిదువందల ఇరవై అన్నాడు. దిమ్మెలు పన్నెండు. కలం చేతిలో ఉండగా మనసు ఆగక, 'చిన్న చిన్న పద్యములు ఛందోభంగము లేకుండా చెప్పును' అని కూడా చేర్చాడు. ఛందోభంగం లేకుండా అన్న మాట రాస్తున్నప్పుడు అతడి కళ్లలో నీళ్లు తిరిగాయి. నిజంగానే చెబుతున్నదనిపించింది.

పక్కనుంచి చదువుతున్న నాయనమ్మ కళ్లజోడు తీసింది. "అదింకా మాటలు నేర్చుకుంటోందిరా. నువ్వప్పుడే అబద్ధాలు నేర్చేసుకున్నావు. దానికంటే నువ్వే ముందున్నావులే" అన్నది. మనవరాలిని చంకనెత్తుకుని గేటు దగ్గరికి వెళ్లిపోయింది.

పరీక్షకురాలు ఎడమవైపుది కుడివైపుకు ఎక్కించింది. ఆమె ముఖంలో ప్రశాంతత తిరిగి వచ్చింది. యోగ్యతాపత్రం మీద డైరెక్టరుగారు తన సొంత కలంతో 'అసాధారణ ప్రతిభ' అని రాసి, కరచాలనం చేశారు. పదిహేను రోజుల్లో ఒక్క మాట నుంచి అయిదువందల ఇరవైకి ఎదిగిన బిడ్డ చరిత్రలో లేదనీ, ఇది కేంద్రం సాధించిన విజయమనీ, వచ్చే సభలో ప్రస్తావిస్తామనీ అన్నారు. సగటు కట్టేటప్పుడు ఈ సంఖ్య ఎంతో తోడ్పడుతుందని కూడా అన్నారు. ఇన్‌స్పెక్టరు వినయంగా తల వంచాడు. ఫిర్యాదు సంగతి అతడికి గుర్తుకు రాలేదనడం అన్యాయం. వచ్చింది. యోగ్యతాపత్రాన్ని మడత పడకుండా సంచిలో పెట్టుకునే హడావిడిలో పోయింది.

వసారాలో బల్ల మీద ఒక యువకుడు కూర్చుని ఉన్నాడు. గోళ్ల సందుల్లో నల్లటి గ్రీజు. మోటారు మెకానిక్కు కాబోలు. ఒళ్లో ఉన్న కొడుకు తండ్రి తాళంచెవుల గుత్తి పట్టుకుని, బల్ల చెక్కల సందుల్లో ఒక్కొక్క చెవినే దూర్చి, ఏ సందు ఏ చెవిని పట్టుకుంటుందో చూస్తున్నాడు. ఒకటి ఇరుక్కుంటే కేరింత కొట్టి, లాగి, మళ్లీ దూర్చి, తండ్రి ముఖంలోకి చూసి వేలుపెట్టి చూపిస్తున్నాడు. తండ్రి కూడా వాడితోపాటే నవ్వుతున్నాడు.

"పాసయిందాండీ మీ పాప?" అని యువకుడు లేచి నిలబడ్డాడు.

"అయింది."

"ఎన్ని మాటలొచ్చండీ?"

ఇన్‌స్పెక్టరు సంచిలోని యోగ్యతాపత్రాన్ని ఒకసారి తడిమి చూసుకున్నాడు. ఎందుకు తడిమాడో అతణ్ణి సృష్టించినవాడికే తెలియాలి.

"అయిదువందల ఇరవై."

"బాబోయ్! మావాడికి ఇరవయ్యో నెలండీ. ఓ తొమ్మిదో, పదో..."

"తొమ్మిదా?" ఇన్‌స్పెక్టరు గొంతులోకి బజారులో రాళ్లు తనిఖీ చేసేటప్పటి స్వరం దానంతటదే వచ్చింది. "ఇంకా తొమ్మిదేనా? చూడు బాబూ, అశ్రద్ధ చెయ్యకు. ఇదే వయసు."

యువకుడు మెల్లగా కూర్చుని, కొడుకు చేతిలోంచి తాళంచెవులు తీసుకుని జేబులో వేసుకున్నాడు. వాడి వైపు తేరిపార చూశాడు. అప్పటిదాకా ఆ పిల్లవాడు బాగానే ఉన్నాడు.